తూటా ముక్కు కథ

కెన్నెత్ ఆండర్సన్ 1910లో సికింద్రాబాద్ పక్కన బొల్లారంలో పుట్టాడు. పులుల వెంట, చిరుతల వెంట తిరిగి పుస్తకాలు రాసిన ఆయనకు నల్లమల అడవి బాగా తెలుసు. ఆయన ఎక్కువగా వాడింది .405 వించెస్టర్ రైఫిలు. దాని తూటా బరువు 19 గ్రాముల పైచిలుకు, వేగం సెకనుకు 670 మీటర్లు. ఇప్పటి లెక్కలో అది నిదానమే. ముక్కు మొద్దుగా ఉండడంతో దూరం పోయేకొద్దీ ఇంకా నెమ్మదిస్తుంది. అయినా అడవికి తగింది అదే. ఎందుకో తెలియాలంటే తూటా కథ మొదటి నుంచి చూడాలి.

1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ దాచిన ఆయుధాలను ఈస్టిండియా కంపెనీ సేన బయటికి తీసిన నాటికి తుపాకీ గుండు అంటే ఉత్త సీసం. ఒంట్లో దిగగానే చదునై పెద్ద గాయం చేసేది. 1880ల మధ్యలో పొగలేని మందు వచ్చి వేగం బాగా పెరిగింది. ఆ వేగానికి ఉత్త సీసం తుపాకీ గొట్టంలోని మెలితిరిగిన గాడులకు ఒరుసుకుని అంటుకుపోతుంది. అంతకు కొద్దిగా ముందే, 1882లో, స్విట్జర్లాండ్‌కు చెందిన ఎడ్వర్డ్ రూబిన్ సీసానికి రాగి తొడుగు వేసి దారి చూపాడు.

తొడుగుతో కొత్త చిక్కు వచ్చింది. తూటా సన్నటి బెజ్జం చేసి అవతలికి దూసుకుపోయేది. 1890లలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్ కర్మాగారంలో కెప్టెన్ బెర్టీ క్లే ముక్కు దగ్గర తొడుగు తీసేసి సీసాన్ని బయటపెట్టాడు. తగలగానే ఆ ముక్కు పుట్టగొడుగులా విచ్చుకుంది. మనిషికి అది మితిమీరిన బాధ అని 1899లో హేగ్ సమావేశం యుద్ధాల్లో నిషేధించింది. వేటలో న్యాయం తారుమారవుతుంది. జంతువు గాయంతో రోజుల తరబడి ఈడ్చుకోకుండా అక్కడికక్కడే పడాలంటే ఆ విచ్చుకునే ముక్కే కావాలి.

ఇక పోటీల కోసం చేసే మ్యాచ్ తూటా. రైఫిలు నుంచి వెలువడే తూటా సెకనుకు మూడు వేల చుట్లు తిరుగుతుంది. తొడుగు మందంలో వెంట్రుకవాసి తేడా ఉన్నా దారి తప్పుతుంది. అందుకే మ్యాచ్ తూటా తొడుగును అన్ని వైపులా ఒకే మందంలో, పలుచగా, ముక్కు కొసన చిన్న రంధ్రం మిగిలేలా చేస్తారు. ఆ రంధ్రం తయారీలో మిగిలిపోయేదే, విచ్చుకోవడానికి పెట్టింది కాదు. కాగితం మీద వలయాలకు అంతకన్నా మేలైంది లేదు. జంతువు ఒంట్లో అది ఏం చేస్తుందో మాత్రం చెప్పలేం. దగ్గర నుంచి తగిలితే ఎముక దగ్గరే తునకలైపోవచ్చు. దూరం నుంచి తగిలితే విచ్చుకోకుండా దూరి పోవచ్చు.

వేట తూటాలో తొడుగు ముక్కు వైపు పలుచన, మొదలు వైపు మందం. 1946లో కెనడాలో మూస్ అనే పెద్ద దుప్పిని తన తూటాలు సరిగా పడగొట్టకపోవడంతో జాన్ నోస్లర్ అనే వేటగాడు ఆ తర్వాత తూటా మధ్యలో అడ్డుగోడ పెట్టి కొత్తది చేశాడు. ముందు సగం విచ్చుకుంటే వెనక సగం బరువు పోకుండా లోతుకు దిగుతుంది.

నల్లమలలో, కడప జిల్లా లంకమలలో పొదలు దట్టం. జంతువు కనిపించేదే యాభై, వంద అడుగుల్లో. మ్యాచ్ తూటాకు దూరంలో ఉండే లాభం ఇక్కడ పనికిరాదు.

1972 వన్యప్రాణి చట్టం, దాని 1991 సవరణతో సరదా వేట ముగిసింది. శనక్కాయ చేలు తవ్వేసే అడవి పందుల బాధ మాత్రం కర్నూలు, కడప రైతుకు తీరలేదు. చట్టం 11వ సెక్షన్ కింద అధికారి అనుమతి ఇస్తేనే తుపాకీ ఎత్తాలి. నాటు తుపాకీ గాయాలతో కుంటివైన పులులు మనుషుల మీదికి వచ్చాయని ఆండర్సన్ పదేపదే రాశాడు. కాబట్టి అనుమతి ఇచ్చే కాగితంలో తుపాకీతోపాటు తూటా రకం కూడా రాయాలి. విచ్చుకునే వేట తూటా తప్ప మరొకటి వద్దని అందులో స్పష్టంగా ఉండాలి.