పఠనాసక్తి – మూల్యాంకనం: ‘మాలపల్లి’ బోధన ఆధారంగా ఒక పరిశీలన

పఠనాసక్తి విద్యార్థి అభిరుచితో పాటు ప్రశ్నపత్ర స్వభావం మీద కూడా ఆధారపడి ఉంటుంది. గుంటూరు జిల్లాకు చెందిన ఉన్నవ లక్ష్మీనారాయణ రచించిన ‘మాలపల్లి’ (1922) ఇందుకు నిదర్శనం. ఇతివృత్తాన్ని, పాత్రచిత్రణను మాత్రమే అడిగితే గైడు సరిపోతుంది. నవల తెరవనవసరం లేదు. ధాన్యపు కూలికి బదులు డబ్బు కూలిని నవలలోని కూలీలు ఎందుకు వ్యతిరేకించారో వివరించి, నేటి మిరపకోతల కూలితో పోల్చమంటే మూలపఠనం అనివార్యమవుతుంది. కూలి కుటుంబపు విద్యార్థికి తన అనుభవమే ఆధారమవుతుంది.

అయితే కోతల కాలంలో ఆ విద్యార్థే తరగతికి దూరమవుతాడు. ఒక్కరోజు పరీక్ష అతని పఠనాన్ని కొలవలేదు. కనుక అంతర్గత మూల్యాంకనంలో పఠన నివేదికకు సెమిస్టరు పొడవునా గడువుండాలి. వేటపాలెం సారస్వత నికేతనం (1918) వంటి గ్రంథాలయాలున్న ఈ ప్రాంతంలో మార్కులు విద్యార్థిని పుస్తకం వైపు నడిపించాలి.