మూడో సందేశం మళ్లీ వస్తే?

వైఫైకి తొలి తాళం వెప్. 1997లో వచ్చింది, 2001కల్లా దాని గుట్టు రట్టయింది. 2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2 అలాంటిది కాదు. అది తాళంచెవులు కుదుర్చుకునే పద్ధతి భద్రమైనదేనని గణితపరంగా రుజువు కూడా చేశారు. అయినా 2017 అక్టోబర్ 16న అందులోని ‘క్రాక్’ అనే లోపం బయటపడింది.

దాన్ని పట్టుకున్నది బెల్జియంలోని కేయూ లూవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు మాథీ వాన్‌హూఫ్. వేరే పరిశోధన పత్రానికి మెరుగులు దిద్దుతూ ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోడ్ తిరగేస్తుంటే, కీని, అంటే తాళంచెవిని అమర్చే ఫంక్షన్ దగ్గర ఆయనకో సందేహం వచ్చింది: ఇది రెండుసార్లు నడిస్తే ఏమవుతుంది?

ఫోన్, రౌటర్ కలిసేటప్పుడు వాటి మధ్య నాలుగు సందేశాలు నడుస్తాయి. మూడోది అందగానే ఫోన్ అందిందని నాలుగోది పంపి, కొత్త కీ అమర్చుకుంటుంది. ఆ నాలుగోది చేరకపోతే రౌటర్ మూడోదాన్ని మళ్లీ పంపాలి. గాలిలో సందేశాలు పోవడం మామూలే కదా! దగ్గర్లో మాటువేసినవాడు ఆ నాలుగోదాన్నే అడ్డుకుంటాడు. మూడోది మళ్లీ వస్తుంది, ఫోన్ అదే కీని మళ్లీ అమర్చుకుంటుంది. దాంతో ప్యాకెట్ల లెక్క మొదటికొస్తుంది. ఒకే కీతో ఒకే ప్యాకెట్ నంబరు రెండుసార్లు వాడితే రెండు ప్యాకెట్ల మీదా ఒకే ముసుగు పడుతుంది. ఒకదానిలో ఏముందో తెలిస్తే రెండోదీ బయటపడుతుంది. పాస్‌వర్డ్ మాత్రం దొంగకు చిక్కదు. గణితం రుజువు చేసింది కీ రహస్యంగా ఉంటుందనే. దాన్ని ఎన్నిసార్లు అమర్చుతారన్నది ఆ రుజువు లెక్కలోనే లేదు.

అన్నిటికన్నా ఘోరంగా దెబ్బతిన్నది ఆండ్రాయిడ్ 6. అమర్చాక కీని మెమరీలోంచి తుడిచేయమని వైఫై ప్రమాణ పత్రం సూచిస్తే, ఆ ఆండ్రాయిడ్‌లో వైఫై పని చూసే ‘డబ్ల్యూపీఏ సప్లికెంట్’ ప్రోగ్రామ్ బుద్ధిగా తుడిచేసింది. రెండోసారి అమర్చబోతే అక్కడ మిగిలినవి సున్నాలే. అన్నీ సున్నాలున్న కీని విప్పడానికి దొంగ కష్టపడనక్కర్లేదు. ఐఫోన్లు, విండోస్ కంప్యూటర్లేమో మళ్లీ వచ్చిన మూడో సందేశాన్ని ప్రమాణానికి విరుద్ధంగా పట్టించుకోలేదు. ఈ దాడి నుంచి వాటిని కాపాడింది ఆ అవిధేయతే. రౌటర్ పరికరాలన్నిటికీ ఉమ్మడిగా ఇచ్చే గ్రూప్ కీ మీద జరిగే మరో రకం దాడి నుంచి మాత్రం అవీ తప్పించుకోలేదు.

మరమ్మతు చిన్నదే: వాడుకలో ఉన్న కీని మళ్లీ అమర్చకూడదు. పాస్‌వర్డ్ మార్చితే లాభం లేదు, సాఫ్ట్‌వేర్ అప్‌డేటే మందు. మీ ఇంట్లో పాత ఆండ్రాయిడ్ ఫోన్ పిల్లల చేతిలో ఇంకా తిరుగుతుంటే, సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ ప్యాచ్ తేదీ చూడండి. అది 2017 నవంబర్ 6 కంటే ముందుదైతే ఆ ఫోన్‌కు ఈ మందు అందకపోయి ఉండొచ్చు. దానితో బ్యాంకు పనులు పెట్టుకోకండి.