ముప్ఫయ్యారో బొమ్మ తర్వాత

సముద్రం అడుగున ఫొటోలు తీసేవాళ్లకు ఫిల్ము రోజుల్లో ఒక నియమం ఉండేది. రీల్లో ఎన్ని బొమ్మలున్నా చివరి రెండు మూడు ముట్టుకోకూడదు. ఉన్న 36నూ పగడాల మీదా చిన్న చేపల మీదా ఖర్చు పెట్టేసి, ఇక పైకి పోదామనుకునే సరికి తల మీదుగా మాంటా రే రెక్కలాడిస్తూ పోతుంది. నేల మీదైతే రీలు మార్చుకోవడం రెండు నిమిషాల పని. నీటిలో కెమెరా మూత తెరిస్తే ఉప్పునీరు లోపలికొస్తుంది. పైకి వెళ్లి మార్చుకుని మళ్లీ దిగుదామంటే రక్తంలో చేరే నైట్రోజన్ ఒప్పుకోదు. సరదాగా దిగేవాళ్లు వాడే పట్టికల ప్రకారం 18 మీటర్ల లోతులో సుమారు గంట, 30 మీటర్లలో ఇరవై నిమిషాల దాకానే ఉండాలి. మళ్లీ దిగేదాకా మాంటా ఆగదు. నీటిలోకి దిగే కెమెరా జీవితకథ అంతా నిజానికి ఇలా చేజారిన బొమ్మల కథే. ఒక్కో కాలంలో ఏ బొమ్మ దొరకలేదో చూస్తే, తర్వాతి కెమెరా అలా ఎందుకు తయారైందో అర్థమవుతుంది.

మొదటి ప్రయత్నంలోనే బొమ్మ సగం పోయింది. 1856లో ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని వేమత్ దగ్గర విలియం థాంప్సన్ ఒక చెక్కపెట్టెలో కెమెరా పెట్టి 18 అడుగుల లోతుకు దింపాడు. తాను మాత్రం పడవలోనే ఉన్నాడు. పది నిమిషాలు ఎక్స్‌పోజర్ ఇచ్చి పైకి లాగి చూస్తే పెట్టెలోకి నీళ్లు చేరాయి. అయినా గాజుపలక మీద రాళ్లూ నాచూ మసకమసకగా పడ్డాయి. దాన్ని విజయమనే అనాలి.

ఫ్రాన్సులో బాన్యుల్స్ తీరాన ఉన్న అరాగో ప్రయోగశాలలో జీవశాస్త్రజ్ఞుడు లూయీ బూతాన్ 1893లో తనే లోహపు శిరస్త్రాణం పెట్టుకుని నీటిలోకి దిగాడు. నీరు చొరని పెట్టెను తయారు చేసిచ్చింది సోదరుడు ఆగస్ట్. నీరు ఆగింది కానీ వెలుతురు చాలలేదు. కొన్ని పలకలకు అరగంట ఎక్స్‌పోజర్ కావలసి వచ్చింది. అరగంటలో కదలని రాయి పడుతుంది, కదిలే చేప పడదు. అతను చూడాలనుకున్న ప్రాణులే అతని బొమ్మల్లో లేకుండా పోయాయి. అందుకే ఆక్సిజన్ నింపిన పెద్ద పీపా మీద గాజుబుడ్డి బిగించి, అందులో మెగ్నీషియం మండించాడు. 1899 నాటికి విద్యుత్ ఆర్క్ దీపాలతో 50 మీటర్ల లోతులో కూడా బొమ్మ తీయగలిగాడు.

రంగుల బొమ్మ కోసం ఇంకా పెద్ద మంట కావలసి వచ్చింది. 1926లో ఫ్లోరిడా దగ్గరి డ్రై టోర్టుగాస్ దీవుల్లో విలియం లాంగ్లీ, చార్లెస్ మార్టిన్ నీటి మీద తెప్ప కట్టి, దాని మీద మెగ్నీషియం పొడి పోసి పేల్చారు. ఒక్కో బొమ్మకూ ఒక్కో పేలుడు. ఆ వెలుగులో పడిన హాగ్‌ఫిష్ బొమ్మ 1927 జనవరి నేషనల్ జియోగ్రాఫిక్‌లో అచ్చయింది. ఆ పేలుడుకు బెదిరి పారిపోయిన చేపల లెక్క ఎవరూ రాసిపెట్టలేదు.

1943లో జాక్ కూస్తో, ఎమిల్ గన్యాన్ కలిసి ఆక్వాలంగ్ అనే శ్వాస పరికరం తయారు చేశాక మనిషికి పైనుంచి వచ్చే గాలి గొట్టం బాధ తప్పింది. చేపతో సమానంగా ఈదగలిగాడు. చేతిలోని కెమెరా మాత్రం బరువైన పెట్టెలోనే ఉండిపోయింది. చిన్న కెమెరా కావాలని కూస్తో కోరాడు. బెల్జియంకు చెందిన ఇంజనీరు జాన్ ద వూటర్స్ సమస్యను తిరగేసి చూశాడు. కెమెరాకు పెట్టె చెయ్యడం మానేసి కెమెరానే పెట్టెగా చేశాడు. 1960 ప్రాంతంలో కూస్తో ఓడ పేరుతోనే అది కాలిప్సోగా బయటికొచ్చింది. హక్కులు కెమెరాల సంస్థ నికాన్ తీసుకుంది. 1963 నుంచి దాని పేరు నికోనోస్.

అందులోని రబ్బరు ఓ-రింగులు ప్రెషర్ కుక్కర్ మూతలోని గాస్కెట్ పని చేస్తాయి. లోతుకు పోయేకొద్దీ నీటి ఒత్తిడే వాటిని మరింత గట్టిగా అదుముతుంది. రబ్బరు మీద ఒక్క వెంట్రుకో ఇసుకరేణువో ఉంటే మాత్రం ఆ ఒత్తిడే నీటిని లోపలికి తోస్తుంది. రీలు మార్చాలంటే లెన్సు ఊడదీసి, లోపలి భాగాన్ని పైకి లాగాలి. ఒకే మీట షట్టరునూ నొక్కుతుంది, ఫిల్మునూ ముందుకు జరుపుతుంది. తొడుగుల చేతులతో వాడాల్సిన వస్తువుకు ఇంతకంటే తెలివైన ఏర్పాటు నేను చూడలేదు.

ఇంత మంచి యంత్రం కూడా బొమ్మలు పోగొట్టింది. దాని వ్యూఫైండర్ లెన్సు గుండా చూడదు, పక్కనున్న వేరే గాజు గుండా చూస్తుంది. అందువల్ల లెన్సు మూత తీయడం మరిచినా కంటికి అంతా చక్కగానే కనిపిస్తుంది. మీట నొక్కుడు పడుతుంది, ఫిల్ము తిరుగుతుంది, మూత ఉండిపోయిన సంగతి ఫిల్ము కడిగించాకే తెలుస్తుంది. ఫోకస్ కూడా అంచనాయే. నీటిలో వక్రీభవనం వల్ల నాలుగడుగుల దూరంలోని చేప మూడడుగుల్లో ఉన్నట్టు కనిపిస్తుంది. ముందు చదునైన గాజున్న లెన్సుకూ అలాగే కనిపిస్తుంది. కాబట్టి టేపు పట్టి కొలిచి నాలుగడుగులకు తిప్పినవాడి బొమ్మ మసకబారుతుంది. కంటిని నమ్మి మూడుకు తిప్పినవాడికి స్పష్టంగా వస్తుంది.

అన్నిటికంటే బాధ కలిగించేది మాక్రో గొట్టం. వేలెడంత జీవిని నిండుగా తీయడానికి కెమెరాకూ లెన్సుకూ నడుమ దాన్ని బిగిస్తారు. ముందు ఒక లోహపు చట్రం ఉంటుంది. జీవి ఆ చట్రంలో ఉంటేనే ఫోకస్. నీటిలో దాన్ని ఊడదీయలేరు. ఏ లెన్సుతో దిగితే డైవ్ అంతా అదే గతి. రంగు రంగుల సముద్రపు నత్తల కోసం దిగినవాడి పక్క నుంచి బస్సంత చేప పోతే చూసి ఆనందించడమే.

ఎరుపు రంగును నీరు మొదటి కొద్ది మీటర్లలోనే మింగేస్తుంది, ఆ తర్వాత నారింజ, పసుపు పోతాయి. ఫ్లాష్ లేకపోతే అన్నీ నీలి బొమ్మలే. ఫ్లాష్ బల్బుల రోజుల్లో బొమ్మకొక బల్బు. సంచిలోంచి జారిందంటే అది నేరుగా నీటిపైకి తేలిపోతుంది. కూస్తో బృందం ముద్దుగా పాపా ఫ్లాష్ అని పిలిచిన ఎంఐటీ ఆచార్యుడు హెరాల్డ్ ఎడ్జర్టన్ ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌ను సముద్రపు లోతుల్లోకి తీసుకెళ్లాడు. అది ప్రతిసారీ మళ్లీ చార్జ్ కావడానికి కొన్ని క్షణాలు పడుతుంది. చేప తల తిప్పేది ఆ క్షణాల్లోనే.

1984లో వచ్చిన నికోనోస్ ఫైవ్ వెలుతురును తనే కొలుచుకుంది. 1992 నాటి నికోనోస్ ఆర్‌ఎస్ లెన్సు గుండానే చూపించి, ఫోకస్ కూడా తనే చేసుకుంది. 100 మీటర్ల దాకా దిగింది. ధర మాత్రం చాలామందికి అందలేదు. 2001లో నికోనోస్ వంశం ముగిసింది. ఆ తర్వాత డిజిటల్ కెమెరాలు మళ్లీ పెట్టెల్లో కూర్చున్నాయి. ద వూటర్స్ వదిలించిన పెట్టె తిరిగొచ్చింది. కార్డులో వందల బొమ్మలు పడతాయి కాబట్టి ముప్ఫయ్యారు గొడవ తీరింది. పడవ మీది ఉక్క గాలి పెట్టెలో చిక్కుకుని చల్లటి నీటిలో గాజుకు ఆవిరి పట్టడం ఇప్పటి గొడవ. తొలి చిన్న డిజిటల్ కెమెరాల్లోనైతే నొక్కిన అరక్షణానికి షట్టర్ పడేది. ఎన్ని తోక బొమ్మలో! కెమెరా మారినా తొందరపడి రెక్కల చెప్పులతో అడుగు బురద రేపుకునే డైవర్ మారలేదు.

పోయిన బొమ్మ విలువ శాస్త్రజ్ఞులకు వేరు. వేల్ షార్క్ ఒంటి మీది తెల్లచుక్కల అమరిక ఒక్కో చేపకు ఒక్కో రకం. ఆస్ట్రేలియాలోని నింగలూ పగడపు దిబ్బల దగ్గర పరిశోధకుడు బ్రాడ్ నార్మన్ 1995లో, ఫిల్ము రోజుల్లోనే, ఫొటోల ఆధారంగా వాటిని గుర్తించే పని మొదలుపెట్టాడు. ఖగోళ శాస్త్రజ్ఞులు నక్షత్రాల పటాలను సరిపోల్చే గణిత పద్ధతిని 2005లో ఈ చుక్కలకు అన్వయించారు. అందుకు కావలసింది మొప్పల వెనక భాగం, ముఖ్యంగా ఎడమ పక్క, కనిపించే బొమ్మ. నోరు తెరుచుకుని ఎదురుగా వస్తున్న బొమ్మ గోడకు అందం, ఈ లెక్కలో సున్నా. 2021 డిసెంబరులో విశాఖ దగ్గరి తంతడి తీరంలో ఒక వేల్ షార్క్ వలలో చిక్కితే మత్స్యకారులూ అటవీ సిబ్బందీ కలిసి తిరిగి సముద్రంలోకి పంపారు. ఏ చేప అయినా ఆ తర్వాత మరో సముద్రంలో కనబడితే, ఇది అదేనని చెప్పగలిగేది రెండు చోట్లా ఎవరో ఒకరు ఎడమ వైపుకు ఈది షట్టర్ నొక్కి ఉంటేనే.