జ్ఞానదంతం సర్జరీ తర్వాత వాంతులు: మత్తు డాక్టరుకు మీరు ముందే చెప్పాల్సినవి

దసరా, సంక్రాంతి సెలవులు దగ్గర పడుతున్నాయంటే మా హెల్త్ రూమ్‌కి ఇంటర్ పిల్లల తల్లిదండ్రుల నుంచి ఒకే రకం ఫోన్లు వస్తుంటాయి. "మేడమ్, బాబుకి జ్ఞానదంతాలు అడ్డంగా వస్తున్నాయట. ఈ సెలవుల్లో తీయించేద్దామనుకుంటున్నాం. సోమవారం క్లాసుకి వచ్చేస్తాడు కదా?" నొప్పి గురించి అడుగుతారు, వాపు గురించి అడుగుతారు, ఎన్ని క్లాసులు పోతాయో అడుగుతారు. వాంతుల గురించి మాత్రం ఎవరూ అడగరు. తీరా సర్జరీ అయిన రోజు రాత్రి పదకొండింటికి వచ్చే ఫోన్ దాని గురించే ఉంటుంది.

నేనూ అడగలేదు లెండి. మా అమ్మాయికి పద్దెనిమిదో ఏట నాలుగు జ్ఞానదంతాలూ పూర్తి మత్తు ఇచ్చి ఒకేసారి తీశారు. తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కిన ప్రతిసారీ ప్లాస్టిక్ కవర్ చేత్తో పట్టుకుని కూర్చునే పిల్ల అది. ఆ సంగతి మత్తు డాక్టరుకి చెప్పాలని, ఇన్నేళ్లుగా నర్సు ఉద్యోగం చేస్తున్న నాకే తట్టలేదు. ఆయన అలర్జీల గురించి, వాడే మందుల గురించి అడిగారు. ఏమీ లేవని చెప్పి కాగితం మీద సంతకం పెట్టేశాను. ఆ రాత్రి ఐదుసార్లు వాంతి చేసుకుంది. అందులో నెత్తుటి చారలు చూసి మా అత్తగారు ఏడుపు మొదలుపెట్టారు.

ముందు ఒక మాట. జ్ఞానదంతం తీయడానికి అందరికీ పూర్తి మత్తు అక్కర్లేదు. మన దగ్గర చాలామందికి చిగుళ్లకు తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చే తీసేస్తారు. నాలుగూ ఒకేసారి తీయాల్సి వచ్చినా, పన్ను ఎముకలో లోతుగా ఇరుక్కున్నా, పిల్లలు విపరీతంగా భయపడుతున్నా పూర్తి మత్తు ఆలోచిస్తారు. మీ అబ్బాయికి ఏది ఇస్తున్నారు, ఎందుకు ఇస్తున్నారు అని సర్జన్‌ని అడగడంలో మొహమాటం వద్దు. వాంతుల బెడద పూర్తి మత్తులోనే ఎక్కువ.

వాంతి ఎందుకు వస్తుంది?

మన మెదడు అడుగుభాగంలో, రక్తంలో ఏదైనా తేడా పదార్థం తిరుగుతోందా అని కనిపెట్టే ఒక చోటు ఉంది. విషాహారం తిన్నప్పుడు కడుపు ఖాళీ చేయించేది అదే. సెవోఫ్లూరేన్ లాంటి మత్తు వాయువులు, నైట్రస్ ఆక్సైడ్, నొప్పి తగ్గించడానికి ఇచ్చే ఫెంటానిల్, ట్రమడాల్ వంటి మార్ఫిన్ జాతి మందులు దాన్ని రెచ్చగొడతాయి. చెవి లోపల, మనం నిలబడి ఉన్నామా ఊగుతున్నామా అని చెప్పే భాగం కూడా అదే వాంతి కేంద్రానికి కబురు పంపుతుంది. బస్సులో తిప్పే పిల్లలకు ఆపరేషన్ తర్వాత కూడా ఎందుకు తిప్పుతుందో ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

పంటి సర్జరీలో వీటికి తోడు ఇంకొకటి ఉంది. గాయం నోట్లో ఉంది కాబట్టి రక్తం కొంచెం కొంచెంగా గొంతులోకి దిగుతుంది. రక్తం కడుపుకి పడదు. దానిమీద ఖాళీ కడుపున యాంటీబయాటిక్ మాత్ర, నొప్పి మాత్ర వేస్తే ఇక చెప్పేదేముంది!

ఎవరికి వాంతులయ్యే అవకాశం ఎక్కువో ముందే అంచనా వేయవచ్చు. జర్మనీకి చెందిన ఆప్‌ఫెల్ అనే మత్తు వైద్య నిపుణుడు, సహచరులతో కలిసి 1999లో పెద్దల కోసం ప్రచురించిన లెక్కను డాక్టర్లు ఇప్పటికీ వాడుతున్నారు. అందులో ఉన్నవి నాలుగే అంశాలు: ఆడవాళ్లు కావడం, పొగ తాగకపోవడం, ప్రయాణాల్లో గానీ గతంలో ఆపరేషన్ తర్వాత గానీ వాంతులైన చరిత్ర ఉండడం, సర్జరీ తర్వాత మార్ఫిన్ జాతి నొప్పి మందు వాడడం. ఒక్కటీ లేకపోతే వాంతి, వికారం వచ్చే అవకాశం సుమారు 10 శాతం. ఒకటుంటే 20, రెండుంటే 40, మూడుంటే 60, నాలుగూ ఉంటే దాదాపు 80 శాతం. (పొగ తాగేవాళ్లకు వాంతులు తక్కువని చదివి మన అబ్బాయిలు కొత్త ఆలోచనలు చేయనక్కర్లేదు. పొగ తాగితే పన్ను తీసిన గుంట మానడమే కష్టం.) చిన్నపిల్లల కోసం 2004లో వచ్చిన ఇలాంటి లెక్కలో అమ్మానాన్నలకు, తోబుట్టువులకు ఆపరేషన్ తర్వాత వాంతులయ్యాయా అన్నది కూడా చూస్తారు.

మా అమ్మాయి సంగతి చూడండి. ఆడపిల్ల, పొగ అలవాటు లేదు, ఘాట్ రోడ్డు పడదు, ట్రమడాల్ ఇచ్చారు. నాలుగుకి నాలుగు! పైగా నా సిజేరియన్ అప్పుడు నాకూ వాంతులయ్యాయి. ఇవన్నీ నాకు తెలుసు. ఎదురుగా కూర్చున్న డాక్టరుకే తెలియదు.

ఆయనకు తెలిసి ఉంటే చేయగలిగినవి చాలా ఉన్నాయి. వాయువు బదులు ప్రొపొఫాల్ అనే మందుని రక్తనాళం ద్వారా ఇస్తూ మత్తులో ఉంచవచ్చు. వాంతులు రాకుండా ఆన్‌డాన్‌సెట్రాన్, దాంతోపాటు డెక్సామెథాసోన్ ఇవ్వవచ్చు. ఈ రెండోది దవడ వాపునీ తగ్గిస్తుంది. నొప్పికి ట్రమడాల్ లాంటివి తగ్గించి, పిల్లలకు సరిపడితే పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ వంటి వాటితో సరిపెట్టవచ్చు. ఆస్తమా ఉన్నా, గ్యాస్ట్రిక్ అల్సర్ ఉన్నా ఐబూప్రొఫెన్ అందరికీ కుదరదు కాబట్టి ఆ సంగతీ ముందే చెప్పండి. మీ పాప స్కూల్ బస్సులో ముందు సీటు కిటికీ పక్కనే కూర్చుంటుందా? ఆ విషయం బస్సు ఆయాకి చెప్పారు కదా, మత్తు డాక్టరుకీ చెప్పండి.

పరగడుపు విషయంలో రెండు తప్పులు చూస్తుంటాను. మొదటిది, నీరసపడతాడని తెల్లారుజామున ఎవరికీ చెప్పకుండా ఒక గ్లాసు పాలు పట్టించడం. మత్తులో ఉన్నప్పుడు కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ప్రమాదం. తేలికపాటి టిఫిన్‌కైనా పాలకైనా కనీసం 6 గంటలు, బిర్యానీ, వేపుళ్ల లాంటి వాటికి 8 గంటలు విరామం ఉండాలి. పొరపాటున తాగించి ఉంటే చెప్పేయండి, సర్జరీ వాయిదా పడితే పడుతుంది. రెండోది దీనికి తలకిందులు. మధ్యాహ్నం సర్జరీకి ముందు రోజు రాత్రి నుంచే చుక్క నీళ్లు ఇవ్వరు. మామూలుగా మంచినీళ్లు 2 గంటల ముందు వరకు తాగవచ్చు. ఒళ్లు ఎండిపోతే వికారం పెరుగుతుంది. మీ ఆసుపత్రిలో నీళ్లు ఎన్నింటికి ఆపమంటారో ముందురోజే అడిగి రాసుకోండి.

ఇంటికొచ్చాక

కారు ప్రయాణమే మొదటి పరీక్ష. నెమ్మదిగా నడపమనండి, కవర్ దగ్గర పెట్టుకోండి. ఇంట్లో రెండు మూడు దిండ్లు పెట్టి తల ఎత్తుగా ఉండేలా పడుకోబెట్టండి. నోట్లో ఊరే రక్తం, లాలాజలం మింగనివ్వకండి. అలాగని గట్టిగా ఉమ్మించవద్దు, స్ట్రాతో తాగించవద్దు. గుంటలో కట్టిన రక్తపు గడ్డ ఊడిపోతే రెండు మూడు రోజుల తర్వాత భరించలేని నొప్పి పట్టుకుంటుంది. నోరు కొంచెం వంచి తువ్వాలు మీదికి కారనిస్తే చాలు.

మొదట చల్లని నీళ్లు గుక్కెడు గుక్కెడు. అవి నిలిస్తే చల్లార్చిన రాగిజావ. ఆ జావ తాగాకే మాత్రలు. చాలా ఇళ్లలో ఇక్కడే క్రమం తప్పుతుంది, మాత్రలు ముందు పడతాయి. ఐస్‌క్రీమ్ తినొచ్చన్నారు కదా అని మొదటి రాత్రే పెద్ద కప్పు ఇవ్వకండి, ఆ తీపికీ కొవ్వుకీ ఇంకా తిప్పుతుంది. వాంతికి మంచిదని అమ్మమ్మగారు తెచ్చే నిమ్మరసం, మిరియాల చారు ఇంకో వారం ఆగాలి, పచ్చి గాయం మీద అవి మండుతాయి.

వాంతి వస్తోందంటే ముందు నోట్లో గాజు ముక్క తీసేయండి. ముందుకు వంచి కూర్చోబెట్టండి, ఆపుకోమనకండి. తర్వాత పుక్కిలించకుండా, కాసిని నీళ్లు నోట్లో పోసుకుని తల వంచి వాటంతటవే కారిపోనివ్వాలి. ఓ అరగంట కడుపుకి విశ్రాంతినిచ్చి, ఓఆర్‌ఎస్ చెంచా చెంచాగా పట్టండి. మాత్ర వేసిన కాసేపటికే వాంతయితే, మళ్లీ వేయాలో వద్దో ఆసుపత్రికి ఫోన్ చేసి అడగండి. ఇంట్లో మిగిలిన వాంతుల మందు కూడా అంతే. ఆసుపత్రిలో ఏది, ఎన్నింటికి ఇచ్చారో డిశ్చార్జి కాగితంలో ఉంటుంది, అది చూసి వాళ్లే చెప్తారు.

కాఫీ పొడి రంగులోనో, ముదురు చారలుగానో రక్తం పడితే చాలావరకు అది ముందు మింగిన రక్తమే. ఒకటి రెండు సార్లయితే కంగారు పడనక్కర్లేదు. అయితే ఎర్రటి తాజా రక్తం ఆగకుండా వస్తుంటే, ఊపిరి ఆడకపోతే, లేపినా సరిగా లేవకపోతే తెల్లారేదాకా చూడకుండా వెంటనే బయల్దేరండి. ఒక రోజు దాటినా వాంతులు తగ్గకపోయినా, ఏడెనిమిది గంటలుగా మూత్రం రాకపోయినా, జ్వరం వచ్చినా డాక్టరుకి చూపించాల్సిందే.

ఇక ఆ సోమవారం సంగతి. పంటి సర్జరీ వాపు రెండు మూడు రోజులకు బాగా పెరుగుతుంది. శనివారం తీయిస్తే సోమవారం బుగ్గ ఎక్కువగా ఉబ్బి ఉండే రోజు. అందుకని సెలవుల చివర్లో కాకుండా మొదట్లోనే పెట్టుకోండి. మత్తు తీసుకున్నాక 24 గంటలు బండి తాళం చేతికివ్వకండి. హాస్టల్ పిల్లలైతే వాంతులు పూర్తిగా ఆగి, మెత్తటి అన్నం నిలుస్తోందని చూశాకే పంపండి. పంపేటప్పుడు డిశ్చార్జి కాగితం కాపీ, ఏ మాత్ర తిన్నాక వేయాలో తెలుగులో రాసిన చీటీ వార్డెన్ గారికి ఇవ్వండి. మెస్‌లో జావ, ఇడ్లీ చేయించమని ముందురోజు ఒక ఫోన్ చేస్తే చాలు.