మీకు తెలుసా? కుక్కుటేశ్వరరావు పేరులో ఒక ఊరుంది

పిఠాపురంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ వినిపించే కుక్కుటేశ్వరరావు అనే పేరు, అక్కడి పాదగయ క్షేత్రంలో కోడిపుంజును తలపించే లింగరూపంలో కొలువైన శివుడిది. సంస్కృతంలో కుక్కుటమంటే కోడి. యజ్ఞవేదికగా ఏడు రోజులు కదలకుండా పడుకుంటానన్న గయాసురుణ్ణి గడువుకు ముందే లేపడానికి శివుడు కోడియై కూశాడనీ, తెల్లవారిందనుకుని అసురుడు కదిలాడనీ స్థలపురాణం చెబుతుంది. ఆ ప్రాంగణంలోనే ఉన్న శక్తిపీఠ దేవత పురుహూతిక పేరు మూలం ఇంకా ప్రాచీనం: పలువురు ఆహ్వానించేవాడనే అర్థంలో పురుహూతుడని ఋగ్వేదం ఇంద్రుణ్ణి పిలుస్తుంది, ఆయన కొలిచిన తల్లి కనుక ఆమె పురుహూతిక అయిందని సంప్రదాయం.

దైవాన్ని తలచే పేర్లు ఇతర భాషల్లోనూ ఉన్నాయి: గ్రీకు మూలపు థియోడోర్ దేవుడిచ్చిన కానుకనీ, అరబ్బీ అబ్దుల్లా దేవుని సేవకుణ్ణీ సూచిస్తూ దైవంతో మనిషికున్న సంబంధాన్ని చెబుతాయి. తెలుగులో దాసు, ప్రసాద్ అన్న పేర్లు ఈ కోవకే చెందినా, సాక్షాత్తు దైవనామాన్నే బిడ్డకు పెట్టుకోవడం ఇక్కడ మరింత బలమైన ఆచారం. అన్నవరం స్వామి పూర్తి నామమైన వీరవెంకట సత్యనారాయణ, గోదావరి జిల్లాల బడి హాజరుపట్టీల్లో వి.వి. సత్యనారాయణగా కనిపించేది అందుకే. అయితే సత్యనారాయణ తెలుగునాడంతటా వ్యాపించగా, కుక్కుటేశ్వరరావు ప్రధానంగా పిఠాపురం పరిసరాల పేరుగానే నిలిచింది.