పైన శ్లాబు... బిల్లులో శ్లాబు!

వేసవిలో డాబా ఇల్లు పెనంలా కాగుతుంది. పగలంతా ఎండను పీల్చుకున్న శ్లాబు రాత్రి ఆ వేడిని గదుల్లోకి వదులుతుంటే పసిపిల్లలకూ, పెద్దవాళ్లకూ కంటిమీద కునుకుండదు. అలాగని ఇల్లు మళ్లీ కట్టుకోలేం కదా!

ఉగాదిలోపే డాబా శుభ్రంగా కడిగించి, తెల్ల సున్నం రెండు పూతలు వేయించండి. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన ‘కూల్ రూఫ్’ విధానం సారాంశమూ ఇదే. పడమటి కిటికీకి బయటివైపు తడిక కట్టించండి. ఎండ అద్దం దాకా రాకుండానే ఆగిపోతుంది.

ఇక ఫ్యాను. పాత రకానికి సుమారు 75 వాట్లు కావాలి. బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 చాలు. రోజుకు 10 గంటలు తిరిగితే నెలకు ఒక్కోదానిపై 13 యూనిట్లకు పైగా మిగులుతాయి. యూనిట్లు పెరిగితే బిల్లులో శ్లాబు మారి రేటూ పెరుగుతుంది కాబట్టి ఇది చిన్న పొదుపేం కాదు.

ఏసీ కొందామనుకుంటున్నారా? ముందు డాబా సంగతి చూడండి!