కారే కిటికీ, కుక్కర్ గాస్కెట్

(మా ఊళ్ళో తెలుగువాళ్ళు నడుపుకునే రేడియో కార్యక్రమంలో ఆదివారం ఉదయం చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

పోయినసారి టాక్సుల గురించి మాట్లాడినాయన నాకంటే అదృష్టవంతుడు. ఆ విషయం అందరికీ పనికొస్తుంది. నేను చెప్పబోయేది తెరచాప పడవకి కిటికీ కారితే ఏం చెయ్యాలన్నది. “మాకు పడవెక్కడిదండీ” అని రేడియో కట్టేయకండి. మీ ఇంట్లో ప్రెషర్ కుక్కర్ ఉందిగా! ఉంటే ఇది మీ కథ కూడా.

మేముండేది మేరీలాండ్‌లో, అనాపొలిస్‌కి దగ్గర్లో. చెసపీక్ బే ఒడ్డున ఉంటూ పడవ లేకపోవడం గోదావరి ఒడ్డున ఉండి పులస తినకపోవడం లాంటిదని నా స్నేహితుడొకాయన ఎక్కించాడు. ఈ బే పొడవు సుమారు 200 మైళ్ళు, సగటు లోతు 21 అడుగులే. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి అనువైన నీళ్ళు. అలా 1980ల నాటి 30 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవ ఒకటి, చవగ్గా వస్తోంది కదా అని కొన్నాను. ఎందుకు చవగ్గా వచ్చిందో మొదటి వానకి అర్థమైంది.

ఆ వేసవిలో మా నాన్నగారు ఇండియా నుంచి వచ్చారు. ఆయనది కాకినాడ దగ్గర తాళ్ళరేవు. పక్కనే కోరంగి. ఒకప్పుడు ఓడలు కట్టడానికీ, మరమ్మతు చెయ్యడానికీ పేరుపడ్డ రేవు అది. 1839 తుపాను దాన్ని ముంచేసింది. ఆ చుట్టుపక్కల పడవలు కట్టే పని మాత్రం పూర్తిగా పోలేదు. నాన్నగారు పడవలు కట్టినవారు కాదు, బడిపంతులు. కానీ ఆ పని చూస్తూ పెరిగారు. “ఒక్క రాత్రి నీ పడవలో పడుకోవాలిరా” అన్నారు. ఆయనా, మా పదేళ్ళ అమ్మాయీ, నేనూ వెళ్ళాం. అర్ధరాత్రి వాన మొదలైంది. అమ్మాయి లేచి “తాతగారి దుప్పటి తడిసింది” అంది. లైటు వేసి చూస్తే కిటికీ కింది మూల నుంచి నీళ్ళు సన్నగా దిగి, పరుపు తడిపి, ఆ పక్కనున్న కరెంటు ప్లగ్గు పెట్టె మీద పడుతున్నాయి. రేవు నుంచి వచ్చే 120 వోల్టుల కరెంటది. గుండె ఝల్లుమంది. వెంటనే మెయిన్ ఆపి, రేవు తాడు ఊడదీసి, మిగతా రాత్రి ముగ్గురం ముందు భాగంలో ముడుచుకు కూర్చున్నాం.

మర్నాడు నేను చేసిన పని అందరూ చేసేదే. దుకాణానికి పరిగెత్తి సిలికోన్ ట్యూబు కొనుక్కొచ్చి, కిటికీ చుట్టూ బయట నుంచి దట్టంగా పూసేశాను. వారం ఆగి వాన పడింది. మళ్ళీ కారింది. నాన్నగారు అది చూసి ఒకటే మాటన్నారు: “ఏరా, మా ఊళ్ళో పలకల సందులో పాత నూలంతా పీకి, శుభ్రం చేసి, కొత్త నూలు కూరి, అప్పుడు గుగ్గిలం పూసేవారు. పాతదాని మీద పూస్తే మేస్త్రీ చెయ్యి విరగ్గొట్టేవాడు.”

ఆ మాటలోనే అసలు పాఠమంతా ఉంది. వివరంగా చెప్తాను.

నా పడవ కిటికీలో నాలుగు భాగాలున్నాయి. మధ్యలో అక్రిలిక్ పలక, అంటే పారదర్శకమైన ప్లాస్టిక్. దాని అంచు చుట్టూ రబ్బరు గాస్కెట్. దాన్ని పట్టుకుని అల్యూమినియం ఫ్రేము. ఆ ఫ్రేముకీ పడవ గోడకీ మధ్య మెత్తటి సీలెంటు. అంటే నీళ్ళు రావడానికి రెండు దారులు: పలకకీ ఫ్రేముకీ మధ్య ఒకటి, ఫ్రేముకీ గోడకీ మధ్య రెండోది. ఏ దారిన వస్తోందో తెలియకుండా పని మొదలుపెడితే డబ్బూ పోతుంది, ఆదివారమూ పోతుంది.

గాస్కెట్ ఎందుకు చెడుతుంది? మీ కుక్కర్ గాస్కెట్ చూడండి. కొత్తలో మెత్తగా ఉంటుంది. రెండేళ్ళకి గట్టిపడి, కాస్త కుంచించుకుపోయి, పక్క నుంచి ఆవిరి వదులుతుంది. వినైల్ గాస్కెట్‌లో దాన్ని మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం ఉంటుంది. ఎండకి అది మెల్లగా బయటికి పోతుంది. అప్పుడు గాస్కెట్ గట్టిపడి, పొడవు తగ్గి, మూలల దగ్గర ఖాళీ పడుతుంది.

ఇంకో కారణం ఉంది. వేడికి అక్రిలిక్ సాగేంతలో మూడో వంతు కూడా అల్యూమినియం సాగదు. 80 సెంటీమీటర్ల పలక, మంచు పడే జనవరికీ ఎండ మండే జులైకీ మధ్య 40 డిగ్రీల సెల్సియస్ తేడా వస్తే, సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఫ్రేము ఒక మిల్లీమీటరు కూడా పెరగదు. ఆ తేడాని ప్రతి ఏడూ భరించాల్సింది మధ్యలో ఉన్న రబ్బరే. పట్టాల మధ్య ఖాళీ ఎందుకు వదిలేవారో చిన్నప్పుడు చదువుకున్నాం కదా, అదే లెక్క.

“నాలుగు చుక్కలకి ఇంత హడావిడా?” అని మీరడగొచ్చు. చాలా పడవల గోడల్లోనూ డెక్కులోనూ రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య ప్లైవుడ్డో బాల్సా కర్రో ఉంటుంది. కిటికీ కోసం కోసిన అంచు దగ్గర ఆ కర్ర బయటపడి ఉంటుంది. దానికి నీళ్ళు తగిలితే లోపల కుళ్ళుతుంది, పైకి ఏమీ కనబడదు. కనబడేనాటికి ఖర్చు పడవ ధర దాటొచ్చు.

ఇప్పుడు పని. ముందు కరెంటు పూర్తిగా తీసెయ్యండి. తర్వాత ఒకరు లోపల టార్చిలైటుతో, టాయిలెట్ పేపరుతో కూర్చోవాలి. ఇంకొకరు బయట గొట్టంతో నీళ్ళు పట్టాలి. కింది అంచుతో మొదలుపెట్టి, ఒక్కోచోట ఐదు నిమిషాలు ఆగుతూ పైకి పోవాలి. పై నుంచి మొదలుపెడితే నీళ్ళు అన్నిచోట్లకీ పాకి ఏదీ తేలదు. మా అమ్మాయి లోపల కూర్చుని “తాతా, వచ్చింది!” అని కేక పెట్టింది. మాకు రెండు దారుల్లోనూ వస్తోందని తేలింది.

ఫ్రేము తియ్యడం ఓపికతో కూడిన పని. స్టీలు స్క్రూలు అల్యూమినియంలో ఉంటే ఉప్పు గాలికి రెండూ తినుకుని పట్టేస్తాయి. తుప్పు వదిలించే నూనె వేసి ఒక రాత్రి వదిలెయ్యండి. బలవంతం చేస్తే తల విరుగుతుంది, స్క్రూ తల అన్నమాట. తర్వాత పల్చటి పుట్టీ చాకు చుట్టూ తిప్పుతూ వదులు చెయ్యాలి. ఒక్కచోటే ఎత్తితే ఫ్రేము వంగిపోతుంది, మళ్ళీ సాపు కాదు. ఊడిన ప్రతి ఫ్రేము మీదా టేపు వేసి కుడా ఎడమా, ముందుదా వెనకదా అని రాయండి. నాలుగూ ఒకేలా కనిపిస్తాయి కానీ ఒకటి కాదు.

ఇక శుభ్రం చెయ్యడం. ఇక్కడే నా సిలికోన్ పాపం పండింది. సిలికోన్ చెడ్డదేమీ కాదు గానీ, అది ఒకసారి అంటిన చోట కొత్త సీలెంటు ఏదీ సరిగ్గా పట్టుకోదు. అరగంటలో పూసినదాన్ని గోకి తియ్యడానికి రెండు రోజులు పట్టింది. ఫైబర్‌గ్లాస్‌ని ఆల్కహాల్‌తో తుడవొచ్చు. అక్రిలిక్ పలకకి మాత్రం సబ్బునీళ్ళే. ఎసిటోన్, అమోనియా ఉన్న అద్దాలు తుడిచే మందులు దానికి విషం. సన్నటి పగుళ్ళు సాలెగూడులా వస్తాయి.

కోసిన అంచుని ఒక సూదిమొన పనిముట్టుతో గుచ్చి చూడండి. మాకు కింది మూలలో రెండంగుళాల మేర కర్ర మెత్తబడింది. మెత్తటిదంతా తవ్వేసి, చిన్న హీటరు పెట్టి వారం ఆరబెట్టి, సిలికా పొడి కలిపి చిక్కబరచిన ఎపాక్సీతో నింపాం. నాన్నగారు దాన్ని చెంచాతో కలుపుతూ, “ఇదే మీ గుగ్గిలం అన్నమాట” అన్నారు.

కొత్త గాస్కెట్ పాతదాని ముక్క చూపించి అదే కొలతది తెప్పించాం. ఈపీడీఎమ్ రబ్బరు దొరికితే మంచిది. ఎండకి బాగా తట్టుకుంటుంది. పెట్రోలియం నూనె, వాజెలీన్ మాత్రం దానికి తగలనివ్వకండి, ఉబ్బిపోతుంది. జారడానికి సబ్బునీళ్ళు చాలు. చుట్టగా వచ్చిన గాస్కెట్‌ని విప్పి వెచ్చటి గదిలో ఒక రాత్రి పరచి ఉంచాలి. పలక చుట్టూ తొడిగేటప్పుడు లాగకూడదు, నెట్టాలి. లాగి తొడిగితే ఆ రోజు చక్కగా కనబడుతుంది. నెల తిరిగేసరికి రబ్బరు తన పొడవుకి తను వెళ్ళిపోయి మూల తెరుచుకుంటుంది. ఒక సెంటీమీటరు ఎక్కువే కోసి, నొక్కి కూర్చోబెట్టాలి. అతుకు పై అంచు మధ్యలో రావాలి. కింద వస్తే నిలిచిన నీళ్ళు అక్కడే దారి వెతుక్కుంటాయి.

ఫ్రేముకీ గోడకీ మధ్య నేను బ్యూటైల్ టేపు వాడాను. నల్లటి జిగురు పట్టీ అది. రేపెప్పుడైనా మళ్ళీ విప్పాల్సొస్తే విప్పనిస్తుంది. పాలీసల్ఫైడ్ రకం సీలెంటు అక్రిలిక్‌నీ పాలీకార్బొనేట్‌నీ తినేస్తుంది, ప్లాస్టిక్ దగ్గర వద్దు. శాశ్వతంగా అతికే పాలీయురెథేన్ రకం పెడితే తర్వాత విప్పేవాడు మిమ్మల్ని తిట్టుకుంటాడు. ఆ విప్పేవాడు చాలాసార్లు మీరే. స్క్రూలు ఎదురెదురుగా, కారు చక్రం బిగించినట్టు, కొంచెం కొంచెం బిగించాలి. బ్యూటైల్ నెమ్మదిగా పక్కలకి జరుగుతుంది కాబట్టి రెండు మూడు రోజులపాటు రోజుకింత బిగించాం. చివరిగా, ఫ్రేము కింద చిన్న కన్నాలుంటే అవి నీళ్ళు బయటికి పోవడానికి పెట్టినవి. మూసెయ్యకండి. మీ ఇంటి జారుడు తలుపుల కింద ఉండే కన్నాలూ అందుకే.

నాలుగు కిటికీలకి మూడు వారాంతాలు పట్టింది. నాన్నగారి తిరుగు ప్రయాణానికి తొమ్మిది రోజులుందనగా వాన వస్తుందని చెప్పిన శుక్రవారం చూసుకుని ముగ్గురం మళ్ళీ పడవకి వెళ్ళాం. ఈసారి రేవు కరెంటు తగిలించలేదు. టార్చిలైటుతోనే గడిపాం. అమ్మాయి తాతగారిని కథ చెప్పమంది. ఆయన కోరంగి ఓడల కథ చెప్పారు. నేను ఐఎన్ఎస్‌వీ తారిణి సంగతి చెప్పాను. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి, 2018 మే 21న తిరిగొచ్చిన ఆ తెరచాప పడవలో భూగోళం చుట్టిన ఆరుగురు భారత నౌకాదళ మహిళల్లో విశాఖపట్నం స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య ఉన్నారు. “వాళ్ళ కిటికీ కారితే?” అంది మా అమ్మాయి. “వాళ్ళే బాగుచేసుకోవాలి. సముద్రం మధ్యలో మేస్త్రీ ఎక్కడ దొరుకుతాడు?” అన్నారు నాన్నగారు.

రెండు గంటలకి వాన దంచికొట్టింది. నేను ఒక్కో కిటికీ కింద వేలు పెట్టి చూశాను. నాలుగూ పొడిగా ఉన్నాయి. ఆనందపడబోతుంటే టప్‌మని ఒక చుక్క నా మెడ మీద పడింది. అది కిటికీది కాదు. పైన డెక్కు మీది చేతికడ్డీ బోల్టు నుంచి వచ్చింది. నీళ్ళు దిగినచోటే లోపలికి దూరాయనుకోకూడదని చెప్పడం మరిచాను చూశారా, అవి లోలోపల పాక్కుంటూ ఎక్కడో తేలతాయి. దాని కింద ఒక గిన్నె పెట్టాం. నాన్నగారు మాత్రం కిటికీ పక్కనే, అదే పరుపు మీద, తెల్లారేదాకా గురక పెట్టి నిద్రపోయారు.

ఆ బోల్టు పని ఆయన వెళ్ళాక నేనొక్కణ్ణే చేశాను. పాతది పూర్తిగా పీకి, శుభ్రం చేసి, అప్పుడే కొత్తది పెట్టాను. ఫోన్‌లో చెప్తే “చెయ్యి విరక్కుండా బతికిపోయావ్” అన్నారు.

మీ ఇంట్లో కారేది కిటికీ అయినా, కారు సన్‌రూఫ్ అయినా, పై నుంచి పూసెయ్యకండి. ముందు ఎక్కడ నుంచి వస్తోందో వెతకండి. పక్కన కరెంటుంటే ముందు అది తీసెయ్యండి. పడవలున్నవాళ్ళకి ఇంకొక్క మాట. రేవు కరెంటు లీకైతే ఆ నీళ్ళలో ఈదేవాళ్ళ ప్రాణం పోవచ్చు. మంచినీటి రేవుల్లో ఆ ప్రమాదం మరీ ఎక్కువ. పిల్లల్ని రేవులో పడవల మధ్య ఈతకి దింపకండి.

ఇక సెలవు. వచ్చే వానకి మీ ఇల్లు పొడిగా ఉండాలని కోరుకుంటూ, నమస్కారం.